ఒక ఉల్లిపాయ, మూడు మొక్కలు

మెత్తబడ్డ పొరలు ఒక్కొక్కటీ ఒలుస్తుంటే లోపల మూడు మొలకలు, దేనికదే విడిగా! నేను ఒకటే అనుకున్నాను.

అడుగున వేళ్లు వచ్చే గట్టి భాగం ప్రతి మొలకకీ కాస్త ఉండేలా మెల్లగా విడదీసి కుండీలో నాటేశాను. ఆకుపచ్చ కొసలు మట్టి పైకి కనిపిస్తున్నాయి. నీళ్లు కొంచెమే పోశాను, ఎక్కువైతే కుళ్లిపోతాయి.

మళ్లీ పెద్ద గడ్డ ఊరదని తెలుసు. ఉల్లి రెండేళ్ల మొక్క కదా, మొదటి ఏడు గడ్డలో దాచుకున్నదంతా రెండో ఏడు ఆకుకీ పువ్వుకీ పెట్టేస్తుంది. పరవాలేదు, నాకు ఉల్లికాడలు చాలు. పైపైన కోస్తుంటే మళ్లీ వస్తూనే ఉంటాయి.

ఒక మొక్కని మాత్రం అస్సలు ముట్టుకోను. దానికి గుండ్రంగా తెల్లటి పూలగుత్తి రావాలి, తేనెటీగలు వాలాలి. అది చూడాలని ఎంత ఆశగా ఉందో!