రెండు మైళ్ళ గీత

శనివారం, ఆగస్టు 9

ఇంట్లో ఎవరూ లేవకముందే భోజనాల బల్ల మీద కొలరాడోలోని ఫ్లాట్ టాప్స్ కొండల మ్యాపు పరిచాను. అక్టోబరు చివర మొదలయ్యే రెండో రైఫిల్ సీజనుకు, అంటే తుపాకితో వేటాడనిచ్చే రోజులకు, నేనూ మా ఆఫీసు మిత్రుడూ మొన్న గురువారమే మగ ఎల్క్ (ఇక్కడి పెద్ద జింక జాతి) లైసెన్సులు కొన్నాం. లాటరీలో పేరు రావలసిన పని లేకుండా అడిగినవారికి దొరికే లైసెన్సులవి. గైడ్ లేడు, గుర్రాలు లేవు. డెన్వర్ నుంచి నాలుగు గంటలు కారు నడిపి, మీకర్ ఊరు దాటి, వైట్ రివర్ నేషనల్ ఫారెస్ట్‌లో రోడ్డు ఆగిపోయిన చోట డేరా వేసుకోవడమే మా ఏర్పాటు. అది ప్రభుత్వ భూమి కనుక అక్కడికి వెళ్ళవద్దనేవారు ఉండరు, వెళ్ళాక దారి చూపేవారూ ఉండరు.

పోయిన ఏడాది రోడ్డుకు ఎంత దూరం పోతే అంత మంచిదన్న ధీమాతో అయిదు మైళ్ళు లోపలికి నడిచాం. మూడో రోజు సాయంత్రం, లోయకు అవతలి గట్టున, పొద్దు వాలుతుండగా ఒక మగ ఎల్క్ ఒంటరిగా నిలబడి కనిపించింది. కొమ్ముకు కనీసం నాలుగు కొనలుండాలన్న నిబంధన దానికి అడ్డే కాదు, దూరం కూడా తుపాకికి అందేదే. అయినా నేను వద్దన్నాను. మిత్రుడికి ఆ కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదని మొన్న లైసెన్సు కొంటున్నప్పుడు అతని మాటతీరులోనే తెలిసింది.

నేను వద్దనడానికి కారణం జాలి కాదు, లెక్క. పెద్ద మగ ఎల్క్ బరువు మూడు వందల కిలోల దాకా ఉంటుంది. రెండు తొడలు, రెండు జబ్బలు, వెన్ను పొడవునా ఉండే కండలు, మెడ మాంసం, తల అన్నీ కలిపి ఇద్దరు మనుషులకు తలా మూడు మోతలు. ఎల్క్ పడిన చోటు నుంచి మొదటి మోత తెచ్చి, వెనక్కి వెళ్ళి రెండోది, మళ్ళీ వెళ్ళి మూడోది తేవాలంటే ఒక్కొక్కరు దూరానికి అయిదు రెట్లు నడవాలి. అయిదు మైళ్ళ లోపల పడితే ఇరవై అయిదు మైళ్ళు, అందులో పదిహేను మోతతో. దాని చర్మం ఎంత దళసరిగా ఉంటుందంటే, బయట చలి ఎంతున్నా తొడ ఎముక చుట్టూ వేడి నిలిచిపోయి మాంసం పులిసిపోతుంది. వెంటనే చర్మం ఒలిచి, తొడలు విడదీసి, గుడ్డ సంచుల్లో గాలికి వేలాడదీయాలి. తినదగిన మాంసాన్ని అడవిలో వదిలేయడం ఇక్కడి చట్టం ప్రకారం నేరం, నా దృష్టిలో అంతకంటే పెద్ద తప్పు. చక్రాల బండి తీసుకుపోదామా అంటే, ఫ్లాట్ టాప్స్‌ను 1975లో విల్డర్‌నెస్‌గా, అంటే సహజంగానే ఉంచాల్సిన అడవిగా ప్రకటించినప్పటి నుంచి అక్కడ మోటారు మాట అటుంచి, తోపుడు బండికి కూడా అనుమతి లేదు.

అందుకని ఈసారి రోడ్డు చివరి నుంచి మూడు మైళ్ళ దూరంలో పెన్సిలుతో గీత గీసి, దానికి అవతల ఉన్నవన్నీ కొట్టేశాను. నది వెంట తెల్లరంగులో ఉన్నవి ప్రైవేటు పశుక్షేత్రాలు, వాటిలో అడుగు పెట్టకూడదు. మిగిలిన ఆకుపచ్చ రంగు ప్రభుత్వ అడవిలో ఉత్తరం వైపు వాలుల కోసం వెతికాను, ఎందుకంటే పగలు ఎల్క్ పడుకునేది ఆ నీడ అడవుల్లోనే. రాత్రంతా పచ్చికలో మేసి తెల్లవారాక పైకెక్కుతాయి. ఎండ తగిలే దాకా గాలి వాలు వెంట కిందికి జారుతుంది, తగిలాక పైకి లేస్తుంది. కాబట్టి పొద్దెక్కేసరికి మేము వాటికి పైన ఉండకపోతే మా వాసన మాకంటే ముందే చేరుతుంది. ఎత్తును చూపే కాంటూరు రేఖలు మరీ ఒత్తుగా లేని, అంటే మరీ నిటారుగా లేని ఒక గట్టు మీద చుక్క పెడుతుండగా మా ఆవిడ ఉప్మా గిన్నెతో వచ్చి, "ఆ కొండల్ని కాస్త పక్కకు జరుపుతారా?" అంది.

పది గంటలకు ఖమ్మం నుంచి అమ్మ ఫోను. "అంత కష్టం దేనికి నాయనా, కొట్లో కొనుక్కోకూడదా?" అంది. వేటాడిన మాంసాన్ని ఇక్కడ అమ్మడం నిషిద్ధమని చెబితే నమ్మలేదు. వాళ్ళ చిన్నప్పుడు ఊళ్ళో ఎవరైనా కణుజును కొడితే ఇంటింటికీ పంచేవారట. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక ఆ మాటే ఎత్తేవారు కాదని చెప్పి, చలికి చెవులు కప్పుకోమని ఫోను పెట్టేసింది.

సాయంత్రం వేట సంచిలో ఇరవై పౌండ్ల సోనా మసూరి బస్తాలు మూడు వేసుకుని ఇంటి వెనకున్న గుట్ట ఎక్కాను. అరవై పౌండ్లంటే ఎముకతో ఉన్న ఒక వెనక తొడకు దరిదాపు బరువు. ఎక్కేటప్పుడు ఊపిరే ఇబ్బంది పెట్టింది, దిగేటప్పుడు మాత్రం ఎడమ మోకాలు అడుగడుగునా తన నొప్పిని గుర్తుచేసింది. ఇంటికొచ్చి సంచి దించితే ఒక బస్తా కుట్టు ఊడి, బియ్యం పక్క జేబుల్లోకి, దిక్సూచి డబ్బాలోకి కూడా చేరింది. గింజలన్నీ ఏరాక మళ్ళీ మ్యాపు తెరిచి, మూడు మైళ్ళ గీతను రబ్బరుతో చెరిపి రెండు మైళ్ళ దగ్గర గీశాను. పొద్దున పెట్టిన చుక్క గీతకు అవతల ఉండిపోయింది. మిత్రుడికి రేపు చెబుతాను.