ఇంజన్ ఆపినా సున్నాకు రాని అంకె: వారంటీ కోసం నేను పడ్డ పాట్లు

మొన్న శుక్రవారం సాయంత్రం నా కారు 43 రోజుల తరువాత ఇంటికి చేరింది. కోపం చల్లారితే కొన్ని సంగతులు నేనే మర్యాద కొద్దీ మింగేస్తానని తెలుసు కనుక, ఇంకా వేడిగా ఉండగానే రాసిపెడుతున్నాను.

నేను గుంటూరులో ఒక జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. ఇల్లు బ్రాడీపేటలో; కళాశాలకు నాలుగు కిలోమీటర్లు. 2022 దసరాకు డీజిల్ కారు కొన్నాను. అన్నీ కలిపి 13 లక్షల పైచిలుకు అయింది. డీజిల్ అంటే ఆదా అన్న లెక్క మా తరం వాళ్ళ తలలో ఎప్పుడో పడిపోయింది. 2014 అక్టోబరులో డీజిల్ ధరపై ప్రభుత్వ నియంత్రణ ఎత్తివేసిన తరువాత కూడా మేము ఆ లెక్కను మళ్ళీ సరిచూసుకోలేదు. దేశంలో అందరికన్నా ఎక్కువ కార్లు అమ్మే మారుతి సుజుకి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు మానేసినప్పుడైనా నాకు అనుమానం రావలసింది. రాలేదు. షోరూములో కుర్రవాడు రంగు అడిగాడు, వాయిదాలు ఎన్ని నెలలని అడిగాడు, పాత కారు ఇస్తారా అని అడిగాడు, మూడేళ్ళ వారంటీకి మరో రెండేళ్ళు కలిపి కొనుక్కోమని బతిమాలాడు. రోజుకు ఎంత దూరం నడుపుతారు, ఊళ్ళోనా హైవే మీదనా అని మాత్రం అడగలేదు.

ఆ ప్రశ్న ఎందుకు అడగాలో చెప్పాలంటే కొంచెం పాఠం తప్పదు. బండ్ల పొగ ఎంత మించకూడదో చెప్పే బీఎస్-6 ప్రమాణాలు 2020 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చినందు వలన డీజిల్ కార్ల పొగగొట్టంలో డీపీఎఫ్ (డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్) అనే జల్లెడ చేరింది. ఇంజన్ వదిలే మసిని అది పట్టి ఉంచుతుంది. మసి ఒక మోతాదు దాటగానే కారులోని కంప్యూటరు అదనంగా డీజిల్ చిమ్మించి, పొగ వేడిని దాదాపు 600 డిగ్రీలకు పెంచి, ఆ మసిని అక్కడే కాల్చేస్తుంది. సర్వీసు సెంటర్ల వాళ్ళు దీనిని రీజెన్ అంటారు. ఇది సాగాలంటే కారు పావుగంట, ఇరవై నిమిషాలు ఆగకుండా ఒక మోస్తరు వేగంతో నడవాలి. మధ్యలో ఇంజన్ ఆపేస్తే మసి మిగులుతుంది; కాలని డీజిల్ కొంత ఇంజన్ ఆయిల్‌లోకి దిగి, ఆయిల్ కొలిచే గేజిపుల్ల మీద మట్టం పెరుగుతుంది. నాలుగు కిలోమీటర్లు నడిపి ఆపేసే నాబోటివాడికి ఇది సరిపడే బండి కాదు. అంతవరకు తప్పు నాదేనని ఒప్పుకుంటాను.

శంకర్‌విలాస్ దగ్గర ట్రాఫిక్‌లో ఉండగా కారు మీటర్ల పలక మీద డీపీఎఫ్ పసుపు దీపం వెలిగింది. ఆ మర్నాడే కారు ఎంత తొక్కినా నలభై దాటకుండా మొరాయించింది. టోయింగ్ వ్యాన్ గంటలో వచ్చింది. ఆ విషయంలో ఫిర్యాదు లేదు. సర్వీసు సెంటర్‌లో లాప్‌టాప్ తగిలించి, రీజెన్ చేయించి, జీఎస్టీతో కలిపి 4,720 రూపాయలు కట్టించుకున్నారు. వారంటీ ఉంది కదా అంటే, ఇది మరమ్మతు కాదు, శుభ్రపరచడమన్నారు. నాలుగో రోజున అదే దీపం మళ్ళీ వెలిగింది.

అసలు కథ ఇక్కడ మొదలయింది. రెండోసారి వెళ్ళినప్పుడు సర్వీస్ అడ్వైజర్ ఎస్టిమేటు నా చేతిలో పెట్టాడు. జల్లెడ మొత్తం మార్చాలట. లక్షా 18 వేలు. వారంటీ కింద ఎందుకు రాదని అడిగితే, ‘డ్రైవింగ్ ప్యాటర్న్’ అన్న రెండు మాటల మీద పెన్నుతో గీత గీసి చూపించాడు. మేనేజరును పిలవమన్నాను. ఆయన వచ్చారు, గదిలోకి తీసుకువెళ్ళకుండా, టీవీ మోగుతున్న ఆ హాలులోనే, కాఫీ కప్పులు పట్టుకుని కూర్చున్న అరడజను మంది ముందు, “మాస్టారూ, ఇది కూరగాయలకు వెళ్ళే బండి కాదండి, దీనిని నడిపే పద్ధతి వేరు” అన్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. ఇరవై ఏడేళ్ళుగా బండి నడుపుతున్నానని చెప్పబోయాను కాని, ఆ మాట నాకే పిల్లచేష్టలా తోచి ఆగిపోయాను.

అంతటితో వదలలేదు. నా డ్రైవింగ్ చూసి నివేదిక పంపితే తప్ప కంపెనీ అనుమతి రాదన్నారు. ఇంకో కారులో, పక్క సీటులో నా విద్యార్థి వయసు టెక్నీషియన్ ఒళ్ళో అట్ట పెట్టుకుని టిక్కులు కొడుతుండగా, నేను కాజ టోల్‌గేటు దాకా నడిపి వెనక్కి రావలసి వచ్చింది. కారు వాళ్ళది, ఫాస్టాగ్‌లో డబ్బు లేదని టోల్ మాత్రం నా జేబులోంచి కట్టించారు. “సార్, మీరు గేరు తొందరగా మార్చేస్తున్నారు” అని ఆ అబ్బాయి అన్నప్పుడు నాకు కోపం రాలేదు. పాపం, అతను అట్ట మీద ఉన్నదే చదివాడు. తిరిగి వచ్చాక మేనేజరు ఒక కాగితం ముందు పెట్టారు. ఇకపై వారానికి ఒకసారి హైవే మీద ఇరవై నిమిషాలు నడుపుతానని, ఇంతవరకు జరిగినదానికి నా వాడుకే కారణమని నేను రాసి ఇస్తున్నట్టు అందులో ఉంది. కాపీ కొట్టి పట్టుబడిన పిల్లవాడి చేత మేము రాయించుకునే క్షమాపణ పత్రం గుర్తుకువచ్చింది. సంతకం చేయలేదు. ఆ 43 రోజుల్లో నేను చేసిన తెలివైన పని అదొక్కటే అనుకుంటాను, ఇంకొకటి కూడా ఉంది కాని.

ఆ ఇంకొకటి చెప్పుకోవడంలో కొంత గొప్ప ఉంది, క్షమించాలి. జల్లెడ ఎంత మూసుకుపోయిందో కంప్యూటరుకు ఎలా తెలుస్తుంది? జల్లెడకు ముందు పొగ ఒత్తిడి ఎంత, వెనుక ఎంత అని కొలిచే ఒక సెన్సారు ఉంటుంది. ఆ తేడా పెరిగితే మసి పెరిగినట్టు. ఆ రోజు నా కారు వద్ద లాప్‌టాప్ తగిలించి, తాళం తిప్పి, ఇంజన్ మాత్రం ఇంకా స్టార్టు చేయకుండా టెక్నీషియన్ ఫోను మాట్లాడుతున్నాడు. తెర మీద ఒత్తిడి తేడా 31 మిల్లీబార్లని కనిపించింది. ఇంజన్ తిరగనప్పుడు పొగ ఎక్కడిది? పొగ కదలనప్పుడు ముందూ వెనుకా ఒత్తిడి ఒకటే కావాలి; తేడా సున్నాకో, సున్నాకు ఆనుకునో ఉండాలి. జల్లెడ కొత్తదైనా, మసితో నిండినా అంతే. ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లవాడు కూడా ఈ మాట చెప్పగలడు. వెంటనే ఫోను తీసి ఆ తెరను, పక్కనే వెలిగి ఉన్న మీటరు మీద ఇంజన్ తిరగడం లేదని చెప్పే సున్నా ఆర్‌పీఎంను ఒకే ఫొటోలో పడేలా తీశాను. మేనేజరుకు చూపిస్తే, “అలా చూపిస్తుందండి ఒక్కోసారి” అన్నారు. బాధ్యత గల చోట కూర్చున్న మనిషి ఈ వాక్యం అనకూడదు. మా కళాశాలలో తూకం తప్పుగా చూపించే త్రాసు ఉంటే దానిని ప్రయోగశాల నుంచి తీసివేస్తాము కాని, తూచిన పిల్లవాడి చేత క్షమాపణ రాయించుకోము.

మధ్యలో ఒకరోజు ఆటోనగర్‌లో పాత మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. ఆయన నా కారు పుట్టకముందు నుంచి ఇంజన్లు విప్పుతున్నవాడు. “మాస్టారుగారూ, నా స్కానరులో ఈ కంపెనీ లోపలి లెక్కలు కనపడవండి, వాళ్ళు ఇవ్వరు” అన్నాడు. స్వతంత్ర మెకానిక్కులకు విడిభాగాలు, పరీక్షించే పరికరాలు అందనివ్వడం లేదని 2014 ఆగస్టులో, వ్యాపారంలో పోటీకి అడ్డుపడేవాళ్ళను విచారించే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,544 కోట్ల జరిమానా విధించింది. ఆటోనగర్‌లో ఆ తీర్పు చప్పుడు నాకు వినిపించలేదు. పక్క షెడ్డులో ఒకతను జల్లెడ పీకేసి కంప్యూటరులో దాని ఊసు లేకుండా చేస్తానన్నాడు. అది చట్టవిరుద్ధం, వారంటీ కూడా పోతుంది. ఎవరూ ఆ పని చేయించకండి.

ఆ తరువాత పనులు చకచకా అయ్యాయి. ఫొటో జతచేసి, ఇంజన్ ఆగి ఉండగా ఒత్తిడి తేడా ఎందుకు చూపిస్తోందో రాతపూర్వకంగా చెప్పమని డీలరుకు, కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో ఒకే ఉత్తరం పంపాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చని, నేను చెల్లించిన సొమ్ము పది, ఇరవై లక్షల మధ్య ఉంది కనుక రుసుము 400 రూపాయలేనని, వకీలు తప్పనిసరి కాదని ఉత్తరం చివర చేర్చాను. పన్నెండో రోజున కంపెనీ ఇంజనీరు వచ్చాడు. సెన్సారు మార్చాడు; వారంటీ కిందే. జల్లెడకు ఏమీ కాలేదు. పదే పదే అనవసరంగా జరిగిన రీజెన్ల వలన పలుచబడిన ఇంజన్ ఆయిల్ కూడా ఉచితంగా మార్చారు. లక్షా 18 వేల ఎస్టిమేటు గురించి ఎవరూ మళ్ళీ ఎత్తలేదు.

ఎవరికైనా ఇలాంటిది వస్తే, కారు అప్పగించేటప్పుడు సర్వీసు సెంటర్ రాసే జాబ్ కార్డు మీద మీ ఫిర్యాదు మీ మాటల్లోనే రాయించండి; అడ్వైజరు రాసుకున్న సంక్షిప్తం మీద సంతకం పెట్టకండి. డీజిల్ కారైతే నెలకొకసారి గేజిపుల్ల తీసి చూడండి. ఆయిల్ తగ్గితే కాదు, పెరిగితే భయపడండి. మర్యాదగా మాట్లాడితే పని అవుతుందని పెద్దలు అంటారు. నేను రెండు వారాలు మర్యాదగా మాట్లాడి చూశాను.

మొదట కట్టిన 4,720 రూపాయలు నగదుగా ఇవ్వలేదు. వచ్చే సర్వీసులో తగ్గిస్తామని కూపన్ ఇచ్చారు. కారు ఇచ్చేటప్పుడు అడ్వైజరు చేతులు కట్టుకుని, “సార్, కంపెనీ నుంచి ఫోను వస్తుంది, పదికి పది ఇవ్వండి సార్, లేకపోతే మా జీతంలో కోస్తారు” అన్నాడు. ఫోను శనివారం వచ్చింది. అడ్వైజరుకు పది, టోయింగ్ వ్యాన్ వాళ్ళకు పది, సర్వీసు సెంటర్‌కు మూడు ఇచ్చాను. పావుగంటలో మేనేజరు దగ్గర నుంచి కాల్ వచ్చింది. 43 రోజుల్లో ఆయన తనంత తానుగా నాకు ఫోను చేయడం అదే మొదటిసారి.