డి7 డోజర్ పోనీ ఇంజిను: చంద్రగిరి షెడ్డు పని చిట్టా

బండి క్యాటర్‌పిల్లర్ డి7, 3టి సిరీస్. 1944 నుంచి 1955 దాకా వచ్చిన మోడల్. నాలుగు సిలిండర్ల డీజిల్, బోరు 5¾ అంగుళాలు, స్ట్రోకు 8 అంగుళాలు, మొత్తం 831 ఘనపు అంగుళాలు. అంటే 13.6 లీటర్లు, ఒక్కో సిలిండరే 3.4 లీటర్లు. పక్కన కూర్చున్న రెండు సిలిండర్ల పెట్రోల్ ఇంజినే పోనీ. ముందు హ్యాండిల్‌తో పోనీని లేపాలి, అది డీజిల్‌ను, అంటే పెద్ద ఇంజినును, లేపుతుంది.

చంద్రగిరి దగ్గర మామిడితోపు రేకుల షెడ్డులోకి వచ్చేనాటికి బండి స్థితి ఇదీ: పోనీ చేతికి తిరుగుతోంది, కంప్రెషన్ ఉంది, స్పార్క్ లేదు. పెట్రోల్ ట్యాంకు అడుగంతా తుప్పు. పోనీ తిప్పుడును డీజిల్ ఫ్లైవీల్‌కు అందించే చిన్న పళ్ల చక్రం, పినియన్, ముందుకు పోతుంది గానీ వెనక్కి రాదు. రేడియేటర్లో బోరు నీళ్ల ఉప్పు పేరుకుపోయింది. డీజిల్ పంపులో ఎంత డీజిల్ పోవాలో నిర్ణయించే కడ్డీ, ర్యాక్, బిగుసుకుపోయింది.

పోనీని తీసేసి 24 వోల్టుల స్టార్టర్ మోటారు పెట్టేయమని షెడ్డుకొచ్చిన ప్రతి మెకానిక్కూ చెప్పాడు. ఇక్కడి ఎండకు వార్మప్ ఏం అవసరమన్నది వాళ్ల వాదన. మేం ఒప్పుకోలేదు. ఈ ఇంజినుకు ముందే వేడి చేసే గ్లో ప్లగ్గులు లేవు. డీజిల్ ముందుగా మండేది ప్రీకంబశ్చన్ చాంబర్ అనే చిన్న గదిలో, అది చల్లగా ఉంటే కాలని డీజిల్ పొగే వస్తుంది. పోనీ నీళ్లూ డీజిల్ నీళ్లూ ఒకటే, కాబట్టి పోనీ వేడి బ్లాకుకు ఎక్కుతుంది. పోనీ పొగ గొట్టం డీజిల్ గాలి పీల్చే మానిఫోల్డ్ లోపలి నుంచి పోతుంది, అక్కడ గాలీ వేడెక్కుతుంది. ఈ రెండూ చలిదేశాల అవసరాలే అనుకున్నా, మూడోది తిరుపతిలోనూ తప్పదు: కంప్రెషన్ వదిలేసి (సిలిండర్లో గాలి నొక్కుకోకుండా చేసి) నిమిషాల తరబడి తిప్పితే గానీ నెలలుగా ఆగిన ఇంజిను బేరింగులకు ఆయిల్ అందదు. బ్యాటరీతో అన్ని నిమిషాలు తిప్పితే కేబుళ్లు కాలతాయి.

మన దేశంలోకి ఈ రకం యంత్రాలు ఎక్కువగా యుద్ధం మిగులు సరుకుగా వచ్చాయి. తర్వాత 1949లో ప్రపంచ బ్యాంకు ఇచ్చిన కోటి డాలర్ల అప్పుతో, రెల్లు పట్టిపోయిన భూములు దున్నడానికి మరికొన్ని ట్రాక్టర్లు దిగాయి. అందుకే పాత సరుకు కోసం చెన్నై పుదుపేట దాకా పోతే, దిక్కుతోచనన్ని గుట్టల మధ్య అప్పుడప్పుడూ పనికొచ్చే ముక్క దొరుకుతుంది.

మ్యాగ్నెటో

మ్యాగ్నెటో అంటే బ్యాటరీ లేకుండా మ్యాగ్నెట్‌తో స్పార్క్ పుట్టించే పరికరం. స్పార్క్ లేదంటే అందరూ ముందు మ్యాగ్నెట్ బలం తగ్గిందంటారు. మేం చూసినంతలో అది చివరి కారణం. మొదటిది పాయింట్ల (తెరుచుకుని కరెంటు తెంచే మొనల) మీద తుప్పు, రెండోది కండెన్సర్, మూడోది కాయిల్. పాయింట్లను సన్న ఎమరీతో రుద్ది, పెట్రోల్ తడిపిన గుడ్డతో తుడిచి, మాన్యువల్‌లో ఇచ్చిన గ్యాప్‌కు ఫీలర్ గేజ్‌తో పెట్టాం. ఎమరీ పొడి ఒక్క రేణువు మిగిలినా స్పార్క్ రాదు, అందుకే తుడిచాక తెల్ల కాగితం ముక్కను పాయింట్ల మధ్య లాగి చూడాలి. కాగితం మీద నల్ల గీత పడితే మళ్లీ తుడవాలి. ప్లగ్ గ్యాప్ 0.6 మి.మీ. పెట్టాం.

ఇంపల్స్ కప్లింగ్ దగ్గర జాగ్రత్త. మ్యాగ్నెటోను మెల్లగా తిప్పితే ప్రతి స్పార్క్ ముందు "టిక్" మని స్ప్రింగు విడవాలి. ఆ టిక్ వల్లే నెమ్మదిగా తిప్పినా స్పార్క్ గట్టిగా, ఆలస్యంగా పడుతుంది. పాత గ్రీజు గట్టిపడి కుక్కలు (కప్లింగులోని చిన్న కొక్కేలు) అంటుకుంటే టిక్ వినబడదు, స్పార్క్ ముందే పడుతుంది, హ్యాండిల్ వెనక్కి కొడుతుంది. మణికట్టు విరిగేది అక్కడే. కప్లింగును కిరోసిన్‌లో నానబెట్టి బ్రష్‌తో రుద్ది, కుట్టుమిషన్ ఆయిల్ ఒక్క చుక్క వేస్తే చాలు. గ్రీజు పెట్టకూడదు. తీగ చివర నుంచి బాడీకి 6 మి.మీ. దూరం నీలంగా దూకితే మ్యాగ్నెటో బాగున్నట్టే.

పెట్రోలు

2025 కల్లా బంకుల్లో 20 శాతం ఎథనాల్ కలిసిన పెట్రోలే వస్తోంది. కొత్త బండ్లకు ఏమోగానీ ఈ కార్బురేటర్లకు అది గిట్టదు. నెలకోసారి లేచే బండి కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు నిలిస్తే, వానాకాలం తేమ పీల్చుకుని నీళ్లు అడుగున చేరతాయి, జెట్టు దగ్గర పచ్చగా చిలుము పడుతుంది. బెండు ఫ్లోట్ ఉన్న కార్బురేటరయితే మరీ కష్టం, దాని మీది లక్క పూత ఎథనాల్‌లో కరిగిపోతుంది. ఫ్లోట్ పెట్రోలు తాగి మునుగుతుంది, కార్బురేటర్ కారుతుంది.

ఎంత కలిసిందో చూడ్డం సులువు. 100 మి.లీ. కొలజాడీలో 10 మి.లీ. నీళ్లు పోసి 90 మి.లీ. పెట్రోలు కలిపి, ఊపి, పావుగంట నిలపాలి. అడుగు పొర 10 దగ్గరే ఉంటే ఎథనాల్ లేదు. 28 దగ్గరికి వస్తే 20 శాతం. ఇదే పద్ధతిలో ఎథనాల్ తీసేయొచ్చు కూడా: 10 లీటర్లకు లీటరున్నర నీళ్లు కలిపి, గంట నిలిపి, అడుగు పొరను కుళాయి ఉన్న డబ్బాలోంచి వదిలేసి, పైదాన్ని నీళ్లు ఆపే వడపోతలో పోయాలి. ఆక్టేన్ పడిపోతుంది, పోనీ కంప్రెషన్ తక్కువ కాబట్టి దానికి పర్వాలేదు. మోటార్‌సైకిల్లో మాత్రం పోయకండి. ఇదంతా ఆరుబయట, నిప్పుకూ స్విచ్చులకూ దూరంగా చేయాలి. వేరు చేసిన నీళ్లు కూడా మండుతాయి, కాలువలో వదలకూడదు.

ట్యాంకు తుప్పుకు కిరోసిన్, గుప్పెడు చిన్న గులకరాళ్లు, ఒక గొలుసు ముక్క వేసి ఊపాం. ఆ తర్వాత సెడిమెంట్ గిన్నె జాలీ కొత్తది పడింది. పెట్రోల్ పైపు పొగ గొట్టానికి దగ్గరగా ఉంటే ఏప్రిల్, మే నెలల్లో ఆవిరి పట్టి పోనీ ఆగిపోతుంది. పైపును రెండంగుళాలు పక్కకు వంచి మధ్యలో రేకు అడ్డం పెడితే ఆ బాధ తగ్గింది.

ఇది నాలుగు స్ట్రోకుల ఇంజిను, పెట్రోల్లో ఆయిల్ కలపకూడదు. రష్యన్ డిటి-54 బండ్ల మీది పిడి-10 వేరు. అది ఒకే సిలిండర్ రెండు స్ట్రోకుల ఇంజిను, 15 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్ కలపాలి. రెండూ చూసినవాళ్లే తికమక పడుతుంటారు.

పినియన్, క్లచ్

ఈ బండిలో అసలు ప్రమాదమంతా పినియన్‌దే. డీజిల్ అందుకోగానే ఫ్లైవీల్ వేగానికి పినియన్ మీది చిన్న బరువులు బయటికి విచ్చుకుని, కొక్కెం విడిపించి, స్ప్రింగుతో పినియన్‌ను వెనక్కి లాగాలి. జిగురుతో కొక్కెం బిగుసుకుని పినియన్ అక్కడే ఉండిపోతే, క్లచ్ కూడా పట్టి ఉంటే, డీజిల్ పోనీని దాని హద్దుకు మించి తిప్పుతుంది. కనెక్టింగ్ రాడ్ బ్లాకు చీల్చుకుని బయటికి వస్తుంది. పుదుపేటలో కనిపించే చాలా పోనీ బ్లాకులకు పక్కన కన్నం ఉండేది ఇందుకే.

విప్పి చూస్తే పళ్ల ముందంచులు పుట్టగొడుగుల్లా విచ్చుకుని ఉన్నాయి. తిరుగుతున్న పినియన్‌ను బలవంతంగా తోసిన గుర్తులవి. ఆకురాయితో అంచులు వాల్చి, షాఫ్టు మీది నల్ల జిగురంతా డీజిల్‌తో కడిగి, స్ప్రింగు మార్చాం. ఇప్పుడు బరువులను వేళ్లతో విప్పితే పినియన్ ఠక్కున వెనక్కి వస్తోంది. ఈ పరీక్ష అవకుండా బండి లేపొద్దు.

క్లచ్ ఓవర్‌సెంటర్ రకం. లివర్ ఒక బిందువు దాటాక గట్టిగా పడాలి. మెత్తగా పడితే జారుతుంది: కంప్రెషన్ వేయగానే పోనీ అరుస్తుంది, డీజిల్ నెమ్మదిస్తుంది. లాక్ పిన్ను లాగి అడ్జస్టింగ్ రింగును ఒక్క రంధ్రం బిగించి మళ్లీ చూడాలి. ఒకేసారి మూడు బిగిస్తే లివర్ పడదు, లింకులు వంగుతాయి. క్లచ్ జారకుండానే పోనీ చస్తుంటే, క్లచ్ జోలికి పోకుండా కార్బురేటర్, గవర్నర్ చూసుకోవాలి.

లేపే వరస

రేడియేటర్ నిండుగా ఉండాలి, పోనీకి వేరే నీళ్లు లేవు. రెండు ఇంజిన్లలోనూ 30 గ్రేడ్ ఆయిల్, డిప్‌స్టిక్ చూశాకే మిగతాది. మెయిన్ క్లచ్ వదిలి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, డీజిల్ లివర్ మూసి, కంప్రెషన్ లివర్ స్టార్ట్‌లో ఉంచాలి. పోనీ క్లచ్ వదిలి ఉండాలి.

హ్యాండిల్‌ను కింది నుంచి పైకి లాగాలి, పావు చుట్టు చొప్పున. బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉండాలి, హ్యాండిల్ చుట్టూ చుట్టకూడదు. పై నుంచి కిందికి తొక్కడం, గిరగిరా తిప్పడం వద్దు. చోక్ మొదటి రెండు లాగుళ్లకే, వేసవిలో అదీ అక్కర్లేదు. పోనీ అందుకున్నాక రెండు మూడు నిమిషాలు తక్కువ వేగంలో చాలు. డీజిల్ తిరగనంతసేపు దాని వాటర్ పంపు తిరగదు, ఆ నీళ్లు మెల్లగా వాటంతటవే కదలాలి. మే నెలలో పోనీని ఒంటరిగా ఎక్కువసేపు నడిపితే హెడ్డు దగ్గర మరుగుతుంది.

తర్వాత క్లచ్ లివర్‌ను వెనక్కి బ్రేకు దాకా లాగి పట్టి, పినియన్ షాఫ్టు ఆగాక పినియన్ లివర్ తోయాలి. పన్నుకు పన్ను ఎదురుపడితే బ్రేకు రవ్వంత వదిలి మళ్లీ తోయాలి. కొక్కెం పడ్డాక పోనీ వేగం పెంచి, క్లచ్ మెల్లగా వేయాలి. డీజిల్ తిరుగుతుంది, ఆయిల్ గేజ్ ముల్లు లేచేదాకా కంప్రెషన్ లివర్ రన్‌లోకి పోకూడదు. ఎప్పుడో ఆగిన బండికి మధ్యమధ్య ఆపుతూ పది నిమిషాలు, వారానికోసారి లేచే బండికి రెండు మూడు నిమిషాలు ఇస్తున్నాం. తర్వాత రన్‌లో వేసి, కంప్రెషన్ మీద ఒక నిమిషం తిప్పి, అప్పుడు డీజిల్ లివర్ సగం తెరవాలి.

మొదటిసారి లేపేముందు ర్యాక్ చేత్తో రెండువైపులా జారుతోందని చూసుకోవాలి. ఫుల్ దగ్గర బిగిసిన ర్యాక్‌తో లేపితే ఇంజిను ఆగదు. అప్పుడు గాలి మూసి ఆపడానికి, గాలి గొట్టం నోటికి సరిపోయే 12 మి.మీ. ప్లైవుడ్ పలకకు రబ్బరు అంటించి ఒకరు పక్కనే పట్టుకుని ఉండాలి. మా ర్యాక్ కిరోసిన్‌లో నానాక వదిలింది, పలక అవసరం పడలేదు.

డీజిల్ అందుకున్నాక పినియన్ వెనక్కి వచ్చిన చప్పుడు వినబడాలి. వెంటనే పోనీ క్లచ్ వదలాలి. పోనీని మ్యాగ్నెటో బటన్‌తో ఆపకుండా, పెట్రోల్ కాక్ మూసి గిన్నె ఎండేదాకా నడవనివ్వాలి. ఈ ఒక్క అలవాటుతో కార్బురేటర్ విప్పే పని చాలావరకు తప్పుతుంది.

తెల్ల పొగ నిమిషం తర్వాత పోతే చాంబర్లు వేడెక్కినట్టు. పోకుండా ఒక సిలిండర్ తప్పుతుంటే, ఒక్కో నాజిల్ పైపు నట్టు వదిలి చూడాలి. ఏది వదిలినప్పుడు చప్పుడు మారదో అదే చెడ్డ సిలిండర్. మా బండికి మూడోది అలా దొరికింది, పైపులో గాలి ఉండింది, ఎయిర్ తీశాక సరిపోయింది.

మిగిలిన పని

రేడియేటర్ ఉప్పుకు వంద లీటర్లకు 5 కిలోల నిమ్మ ఉప్పు కలిపి నింపి, వేడెక్కించి, వదిలేసి, తర్వాత చాకలి సోడా నీళ్లతో కడగాలి. ఆపైన బోరు నీళ్లు వద్దు, ఆర్వో నీళ్లలో కూలెంట్ కలిపి పోయాలి. కడిగాక పాత హోసులు కారడం మామూలే, ముందే కొత్తవి కొని పెట్టుకున్నాం. మానిఫోల్డ్ లోపలి పోనీ పొగ గొట్టానికి తుప్పు కన్నం ఉన్నట్టుంది, పోనీ తిరుగుతుంటే డీజిల్ ఎయిర్ క్లీనర్ వైపు పెట్రోల్ పొగ వాసన వస్తోంది. మానిఫోల్డ్ విప్పి గొట్టాన్ని లేత్ మీద కొత్తగా చేయించాలి, గాస్కెట్లకు రాగి రేకు తెచ్చి ఉంచాం.