ఎక్సలేటర్ అయిపోయింది, బ్రేకు ఇంకా మిగిలే ఉంది

ఇయ్యాల రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 తోలి చూశా, నా 125 సీసీ హోండా షైన్ నుంచి పెద్ద బండికి మారదామా అని. కావాలనే పదకొండు దాటాక వెళ్ళాం నేనూ తమ్ముడూ, మే నెల బెజవాడ ఎండలో. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఏ బండైనా హాయిగానే ఉంటది, రేపు కొన్నాక నేను తోలబోయేది మాత్రం బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్లో, ఆ సెగలో, పక్కన ఆటో పొగలో కదా, అందుకని అదేంటో అక్కడే తెలుసుకుందాం అనుకున్నా.

షోరూమ్ అబ్బాయి మంచోడు, అస్సలు తొందరపెట్టలేదు. "సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లే మేడమ్, కాళ్ళు ఆనతాయి చూడండి" అన్నాడు, నిజంగానే ఆనాయి. ఫస్ట్ గేరేసి క్లచ్ వదుల్తుంటే నేను ఎక్సలేటర్ ఇచ్చే లోపే బండి మెల్లగా కదిలిపోయింది, నా షైన్ అయితే ఆ టైములో కాస్త రేజ్ చెయ్యకపోతే గింజుకుని ఆగిపోద్ది. థర్డ్‌లో ముప్పై మీద పోతూ కొంచెం తిప్పితే చాలు, గేరు దించకుండానే లాగేసింది. 27 న్యూటన్ మీటర్ల టార్క్ అంట, అంటే లాగే బలం, అది కూడా ఇంజిన్ నిమిషానికి 4000 చుట్లు తిరిగే దగ్గరే మొత్తం వచ్చేస్తది, అందుకే ఆ నిదానమూ ఆ బలమూ రెండూ ఒకేసారి. సిగ్నల్లో నిలబడ్డప్పుడు కుడి మోకాలి కింద సెగ తగిలింది గానీ ఓర్చుకోలేనంత కాదు. బాగుంది. చాలా బాగుంది, ఈ మాట దాచుకోవాల్సిన పనేం లేదు, దిగబుద్ధి కాలేదు నాకు.

దిగాక ఒక పని చేశా. షోరూమ్ ముందు చిన్న వాలు ఉంది, బండి ముందు చక్రం కిందికి పెట్టి, ఇంజిన్ ఆపేసి, నేనే వెనక్కి పైకి నెట్టుకుంటా, మీరెవరూ పట్టుకోవద్దు అన్నా. 195 కిలోల బండి. హ్యాండిల్ రెండు చేతులా పట్టుకుని తుంటి ట్యాంకుకి ఆనించి తోస్తే ఒక అడుగు వచ్చింది, రెండో అడుగుకి చెప్పు జారింది, ముందు బ్రేకు పట్టి ఆపా, ఊపిరి తీసుకుని మళ్ళీ తోశా, వచ్చింది. అయితే టైం పట్టింది. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నా చోటు పిల్లరుకీ నీళ్ళ మోటారు గదికీ మధ్య, పొద్దున బయటికి తియ్యాలంటే వెనక్కి ముందుకి మూడు సార్లు కదపాలి, పక్కన నాలుగో ఫ్లోర్ వాళ్ళ కారు గీసుకోకుండా. షైన్ 113 కిలోలేమో ఉంటది, వెనక రాడ్ ఒక చేత్తో పట్టుకుని లాగేస్తా. టెస్ట్ రైడ్ అంటే అందరూ తోలి చూస్తారు గానీ, తొయ్యటం కూడా చూడాలి అని నా అభిప్రాయం, ముఖ్యంగా ఆడవాళ్ళు, ముఖ్యంగా సెల్లార్ పార్కింగ్ ఉన్నవాళ్ళు.

తిరిగొచ్చేటప్పుడు గవర్నరుపేటలో చెరుకురసం దగ్గర ఆగాం, అక్కడ తమ్ముడు మొదలెట్టాడు. "ఒకేసారి పెద్దది కొనెయ్ అక్కా, మధ్యలో 160 లాంటి ఇంకో బండి ఎందుకు, మళ్ళీ అమ్ముకోవటం మళ్ళీ కొనటం, డబ్బులు దండగ." వాడు చెప్పేదాన్లో విషయం లేకపోలేదు. పోయిన సంవత్సరం అంటే 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా ఉన్న బళ్ళకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, 350 దాటితే 40 శాతం, కాబట్టి ఆ గీత లోపల ఉన్నవాటిల్లో పెద్దది పట్టెయ్యాలి అనేది అందరి లెక్క, ఆఫీసులో కూడా అదే మాట. కానీ రేటు దిగింది కాబట్టి కొను అంటే అర్థం ఉంది, రేటు దిగింది కాబట్టి నీకు తోలటం వచ్చేసినట్టే అంటే ఎట్టా?

ఇంకో సంగతి కూడా వాడికి అక్కడే ఫోన్‌లో లెక్కేసి చూపించా. సీసీ వేరు, పవర్ వేరు. క్లాసిక్ 20 హార్స్‌పవర్, 195 కిలోలు. టీవీఎస్ అపాచీ ఆర్‌టీఆర్ 160 4వీ తీసుకుంటే పదిహేడు హార్స్‌పవర్, బరువు మాత్రం 145 కిలోల లెక్కన ఉంటది. తోలే మనిషి 60 కిలోలు అనుకుని కలిపి చూస్తే కిలోకి వచ్చే పవర్ 160కే ఒక పిసరు ఎక్కువ. బజాజ్ పల్సర్ ఎన్ఎస్ 200 అయితే 24 హార్స్‌పవర్, అది ఈ రెండింటినీ దాటేస్తది. మరి 350ని అందరూ పెద్ద బండి అంటారంటే అది కింది నుంచి లాగే తీరు వల్ల, ఆ బరువు వల్ల, ఆ సౌండ్ వల్ల. అది తప్పని కాదు, నాకూ నచ్చింది కదా. కాకపోతే "ఎక్కువ పవర్‌కి మారుతున్నా" అనుకుని కొనేవాళ్ళు ముందు తమకి కావాల్సింది లాగుడా, స్పీడా, హోదానా తేల్చుకోవాలి.

నాకు కావాల్సింది ఏంటో నాకు తెలుసు. పటమట నుంచి గుంటూరు బ్రాడీపేట ఆఫీసుకి, వారధి ఎక్కి తాడేపల్లి, మంగళగిరి, కాజ టోల్‌గేటు, నంబూరు మీదుగా పదహారో నంబరు హైవే. టోల్ మనకి లేదు, అదొక్కటే సుఖం. మిగతా దారంతా లారీలే. లారీ అరవై మీద పోతుంటుంది, నేను షైన్ మీద ఎంత తిప్పినా ఎదురుగాలి ఉన్నరోజు డెబ్బై అయిదు దగ్గర ఆగిపోతా, అంటే నాకూ లారీకీ తేడా పదిహేనే. లారీ పొడుగు, వెనక గ్యాప్, ముందు గ్యాప్ కలిపి నలభై మీటర్లు అనుకుంటే దాన్ని దాటటానికి దాదాపు పది సెకన్లు పడతది. ఆ పది సెకన్లూ నేను ఆ చక్రాల పక్కనే ఉన్నట్టు, అందులో సగం సేపు డ్రైవరుకి అద్దంలో కనపడను కూడా. తొంభై మీద వెళ్ళగలిగితే అదే పని అయిదు సెకన్లలోపు అయిపోద్ది. వారధి మీద కృష్ణ గాలి పక్క నుంచి కొట్టినప్పుడు, బస్సు దాటిపోగానే బండి ఒక్కసారి అటు లాగేసినట్టు అవుతుందే, అప్పుడు కూడా కొంచెం బరువు, కొంచెం మిగులు పవర్ ఉంటే బాగుండు అని చాలాసార్లు అనుకున్నా. కాబట్టి నాది సరదా ఒక్కటే కాదు, ఎక్సలేటర్ చివరిదాకా తిప్పేసి ఇంకేం లేదు అని చేతికి తెలిసే క్షణం రోజూ ఉంది నాకు.

మధ్యాహ్నం చైన్ లూజుగా ఉందని మెకానిక్ బాబాయ్ దగ్గరికి వెళ్ళా, ఆదివారం రెండింటిదాకా ఉంటాడు. మాటల్లో 350 తోలొచ్చా అని చెప్తే పానా పక్కన పెట్టి నవ్వాడు. "మా కుర్రతనంలో రాజ్‌దూత్ 350 ఉండేదమ్మా, దాన్ని తోలినోళ్ళకి ఇప్పటి 350 లెక్కే కాదు" అన్నాడు. అది 1983లో వచ్చిన బండి, యమహా ఆర్‌డీ 350ని ఇక్కడ తయారుచేసి రాజ్‌దూత్ పేరుతో అమ్మారు, రెండు సిలిండర్ల టూ స్ట్రోక్, మొదట్లో వచ్చిన హెచ్‌టీ (హై టార్క్) రకం ముప్పై హార్స్‌పవర్. ఆ రోజుల్లో రోడ్ల మీద ఎక్కువ బళ్ళు పది, పదిహేను హార్స్‌పవర్ దగ్గరే ఆగేవి. బయటి దేశాల్లో దాని ముందు చక్రానికి డిస్క్ బ్రేకు ఉండేది, మన దగ్గర మాత్రం డ్రమ్ వేశారు. "పోవటానికి ముప్పై గుర్రాలు, ఆగటానికి డ్రమ్ము. ఎంతమంది పడ్డారో అమ్మా" అని చైన్ తిప్పుతూనే అన్నాడు, ఆ మాట అన్నాక కాసేపు ఏం మాట్లాడలేదు. ఆయనకి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో, నేను అడగలేదు.

ఇంటికొచ్చాక కూడా ఆ మాటే తిరుగుతుంది బుర్రలో. ఇప్పటి బళ్ళకి బ్రేకులు ఉన్నాయి, 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ ఉండి తీరాలి, గట్టిగా బ్రేకు పడితే చక్రం బిగుసుకుపోకుండా చూసేది అది, 125 దాకా అయితే నా షైన్‌కి ఉన్నట్టు సీబీఎస్ ఉన్నా చాలని అప్పటి రూలు, అంటే వెనక బ్రేకు తొక్కితే ముందుది కూడా కొంచెం పట్టుకుంటది. బ్రేకు బండికి ఉంది, సరే, నా చేతిలో ఉందా అనేదే నేను ఇంకా తేల్చుకోవాల్సింది. స్పీడు అరవై నుంచి తొంభైకి పెరిగితే అది ఒకటిన్నర రెట్లే, ఆగటానికి పట్టే దూరం మాత్రం రెండుంపావు రెట్లు అవుతుంది, అది స్పీడు వర్గాన్ని బట్టి పోతుంది కాబట్టి. పొడి రోడ్డు మీద గట్టిగా పడితే అరవైలో ఇరవై మీటర్లలో ఆగే బండి తొంభైలో నలభై అయిదు తీసుకుంటది. దీనికి ముందు మనం చూసి, అర్థమై, చెయ్యి బ్రేకు లివర్ మీద పడేలోపు సెకను పోతే, ఆ సెకనుకే అరవైలో దాదాపు పదిహేడు మీటర్లు, తొంభైలో పాతిక. కాజ దగ్గర రాంగ్ రూట్‌లో ట్రాక్టర్ ఎదురొస్తే ఆ లెక్క అంతా ఒక్కసారే కట్టాల్సి వస్తది.

సాయంత్రం ఎండ తగ్గాక పెనమలూరు అవతల ఒక వెంచర్‌కి వెళ్ళా, ప్లాట్లు వేసి రాళ్ళు పాతి వదిలేశారు, లోపల సిమెంట్ రోడ్లు, మనిషి ఉండడు, అప్పుడప్పుడు గేదెలు. కొన్నాళ్ళుగా ఆదివారాలు అక్కడ బ్రేకులు ప్రాక్టీస్ చేస్తున్నా. రోడ్డు పక్కన నీళ్ళ సీసా పెట్టి, యాభై మీద వచ్చి, సీసా దగ్గర ముందు బ్రేకు మొదలుపెట్టి ఎక్కడ ఆగుతానో చూసుకోవటం. ఠక్కున లాగకూడదు, మొదట మెత్తగా పట్టి, ఫోర్క్ (ముందు షాకులు) కిందికి దిగి బరువు ముందు టైరు మీదికి వచ్చాక అప్పుడు ఇంకా నొక్కాలి, నొక్కుతూనే ఉండాలి. చూపు సీసా మీద కాదు, దూరంగా. చెప్పటానికి ఇంతే. చేతికి రావటానికి మాత్రం ఇంకా టైం పడతదని ఇయ్యాల కూడా తెలిసింది, ఎందుకంటే కొన్నిసార్లు బాగా దగ్గర్లో ఆగా, కొన్నిసార్లు భయమేసి వేళ్ళు సడలి ఇంకా ముందుకి పోయా, ఆ టైరు ఇంకా పట్టు ఇవ్వగలదు, నేనే తీసుకోవట్లేదు. అంటే ఈ బండిలో ఎక్సలేటర్ నాకు అయిపోయింది గానీ బ్రేకు ఇంకా మిగిలే ఉంది. అది కూడా అయిపోయిన రోజు మారాలి. నాకైతే ఇంతకంటే మంచి కొలత కనపడలేదు, ఎన్ని కిలోమీటర్లు తోలావు, ఎన్నేళ్ళయింది అనేవి ఏం చెప్పవు, పదేళ్ళు తోలినా ఒక్కసారి కూడా బ్రేకు పూర్తిగా పట్టనివాళ్ళు ఉంటారు.

యూరప్‌లో అయితే ఈ ఆలోచన అంతా ప్రభుత్వమే చేసిపెట్టింది. 125 సీసీ, 11 కిలోవాట్లు దాటనివాటికి ఏ1 లైసెన్స్, 35 కిలోవాట్ల దాకా ఏ2, ఆపైన ఏ, చిన్నదాన్నుంచి పెద్దదానికి వెళ్ళాలంటే మెట్టు మెట్టుకీ రెండేళ్ళు ఆగాలి, లేదా ఇంకొంచెం వయసొచ్చాక నేరుగా పరీక్ష ఇవ్వాలి. మన లైసెన్స్ కార్డు మీద ఎంసీడబ్ల్యూజీ, అంటే గేర్లున్న మోటార్‌సైకిల్, అని ఒక్క ముక్క, దాంతో స్ప్లెండర్ తోలొచ్చు, అదే రోజు వెళ్ళి ఇంటర్‌సెప్టర్ 650 కూడా తోలొచ్చు, 47 హార్స్‌పవర్. ఆపేవాళ్ళు లేరు. డిగ్రీ చేరగానే అప్పు చేసి మరీ 200, 400 కొనిపెట్టే అమ్మానాన్నల్ని చూస్తుంటే నిజంగా గుబులుగా ఉంటుంది నాకు, పిల్లాడు అడిగాడని ఇచ్చేస్తారు, వాడికి ముందు ఒక చిన్న బండి మీద రెండు వానాకాలాలు గడవనివ్వండి, తర్వాత ఇవ్వండి.

వానాకాలం అంటే గుర్తొచ్చింది, నేను ఆగాలనుకోవటానికి అది కూడా ఒక కారణం. ఎండాకాలం అంతా రోడ్డు మీద కారిన ఆయిలు, దుమ్ము తొలకరి చినుకులకి పైకి తేలి జారుడు జారుడుగా అవుతుంది, ఇంకో నెలలో మొదలవుతుంది అది. కొత్త బండి, కొత్త బరువు, కొత్త బ్రేకు, జారే రోడ్డు అన్నీ ఒకేసారి వద్దు. ఈ వానలు షైన్ మీదే.

రాత్రి అన్నం తినేటప్పుడు ఇంట్లో చెప్పేశా. దసరా దాకా ఆగుతా, అప్పటికి వెంచర్‌లో నాకు నమ్మకం కుదిరితే 160 తీసుకుంటా, 350 కాదు. లారీని దాటటానికి ఆ పదిహేడు హార్స్‌పవర్ చాలు, ఏబీఎస్ వస్తది, సెల్లార్‌లోంచి నేనొక్కదాన్నే తీసుకోగలను. అమ్మ "వెనక సీటు ఎత్తుగా ఉంటదేమోనే, నేను ఎక్కలేను" అంది, అది నేను చూడలేదు, ఈసారి అమ్మని కూడా తీసుకెళ్ళి కూర్చోబెట్టి చూడాలి. 350 మీద మనసు పోలేదు, ఆ లాగుడు తల్చుకుంటే ఇప్పటికీ చెయ్యి తిప్పబుద్ధి అవుతుంది, 160 మీద నాకు అన్నీ అయిపోయాక దాని సంగతి చూద్దాం. ఈ నెల జీతంలో మాత్రం మంచి గ్లోవ్స్, ఐఎస్ఐ మార్కు ఉన్న ఫుల్ ఫేస్ హెల్మెట్ కొనాలి, ఇప్పుడున్నదాని లోపలి స్పాంజి వదులైపోయింది.

షైన్‌ని ఏం చేస్తావు అక్కా అని తమ్ముడు అడిగాడు, నీకే అన్నా. రేటు ఎంత అన్నాడు. వచ్చే ఆదివారం నుంచి వెంచర్‌కి నాతో రా, సీసా దగ్గర ఆపటం నేర్చుకో, ఫ్రీగా ఇస్తా అన్నా. పొద్దున్నే వెళ్దాం, అయిదున్నరకి లేవాలి మరి అన్నా. లేస్తాలే అన్నాడు.