చెంచా మీద నిలిచే జావ: బుజ్జమ్మ తిండి పుస్తకం, మొదటి పది వారాలు

జూన్ 12

నిన్నటితో బుజ్జమ్మకి ఆరు నెలలు నిండాయి. తూకం 7.1 కిలోలు. మెడ నిలుస్తోంది. వెనక దిండు ఆనిస్తే కూర్చుంటోంది. మేం తింటుంటే మా చేతినీ నోటినీ మార్చి మార్చి చూస్తోంది. విటమిన్ డి చుక్కలు వేస్తే నాలుకతో బయటికి నెట్టేసే పిల్ల, ఇప్పుడు మింగుతోంది. ఇవన్నీ చూశాకే మొదలుపెడుతున్నాను. ఇవాళ్టి నుంచి ఏం పెట్టానో, ఎన్ని చెంచాలు తిందో, మర్నాడు మోషన్ ఎలా అయిందో రాసుకోవాలి.

ఆడపిల్లకి బేసి నెలలో అన్నప్రాశన. ఆరు నిండి ఏడో నెల పడింది కాబట్టి అమ్మ లెక్క, డాక్టరుగారి లెక్క ఒక్కచోట కలిశాయి. అమ్మ విజయనగరం నుంచి వస్తూ నా చిన్నప్పటి వెండి ఉగ్గుగిన్నె తెచ్చింది. పరమాన్నం మెతుకొకటి నాలుకకి తాకించాం, అంతే. తేనె మాత్రం ముట్టించనివ్వలేదు. తేనెలో బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే సూక్ష్మజీవి స్పోర్లు, అంటే దాని విత్తనాల్లాంటివి, ఉండొచ్చు. పెద్దవాళ్ల పేగులు వాటిని తట్టుకుంటాయి, ఏడాది లోపు పిల్లల పేగులు తట్టుకోలేవు. కారణం చెప్పాక అమ్మ తనే సీసా తీసి పై అరలో పెట్టేసింది.

జూన్ 15

అమ్మ చేసే ఉగ్గు: మూడు వంతుల బియ్యానికి ఒక వంతు పెసరపప్పు. విడివిడిగా కడిగి, బట్ట మీద నీడన ఆరబెట్టి, సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, మిక్సీలో సన్న రవ్వగా పట్టాలి. బియ్యంలో కొరవడే లైసిన్ (మాంసకృత్తుల్లో ఒక భాగం) పప్పులో ఉంటుంది, అందుకే ఈ జోడీ. ఉప్పు లేదు, పంచదార లేదు. ఏడాది దాకా ఆ రెండూ మా వంటింట్లో బుజ్జమ్మ గిన్నె దగ్గరికి రావు.

మొదటి రోజు రెండు చెంచాలు, రెండో రోజు మూడు, ఇవాళ నాలుగున్నర. ముందు పాలు పట్టి, గంటన్నర ఆగి పెడుతున్నాను. మరీ ఆకలిగా ఉంటే చెంచా చూడగానే ఏడుస్తోంది.

జూన్ 19

అమ్మకీ నాకూ మొదటి వాదన చిక్కదనం దగ్గరే వచ్చింది. అమ్మ ఉగ్గుని గిన్నె ముక్కులోంచి ధారగా పోసేంత పలచగా కాస్తోంది. "ఏటే, అంత గట్టిగా పెడితే గొంతుకి అడ్డం పడదా?" అంటుంది. డాక్టరుగారు చెప్పిన గుర్తు వేరు: చెంచా వంచితే జారి పడిపోకూడదు, ఒక్క క్షణమైనా నిలవాలి.

రాత్రి కూర్చుని లెక్క వేశాను. ఈ వయసు పిల్లల పొట్ట కిలో బరువుకి దాదాపు 30 మి.లీ. పడుతుందంటారు. అంటే మా పిల్లకి ఒక పూటకి 210 మి.లీ. లోపే, అందులో పాలకీ చోటుండాలి. తల్లిపాలు బాగా తాగే పిల్లకి ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య పై తిండి నుంచి రోజుకి సుమారు 200 కేలరీలు అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అమ్మ కాచిన పలచటి జావ తూచి చూశాను: 120 మి.లీ. నీళ్లకి 8 గ్రాముల పిండి, అంటే పాతిక ముప్పై కేలరీలు. రెండు పూటలు పెట్టినా అరవై దాటదు. పొట్ట నిండుతుంది, పిల్లకి అందేది మాత్రం నీళ్లే.

పొద్దున్నే ఈ లెక్క అమ్మకి చూపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా రోజుల్లో పాలే ముఖ్యం, ఇది రుచి చూపించడానికే పెట్టేవాళ్లం" అంది. అదీ నిజమే. ఉగ్గుగిన్నెని కడిగి, కాచి చల్లార్చిన నీళ్లు పట్టడానికి ఉంచాం. తిండికి చిన్న స్టీలు గిన్నె, అంచు మెత్తగా ఉన్న చెంచా.

జూన్ 24

అయితే చిక్కగా కాస్తే ఇంకో ఇబ్బంది. రాగిపిండి 18 గ్రాములు వేసి ఉడికిస్తే సంకటిలా ముద్ద కట్టింది, నోట్లో అంటుకుని మింగలేకపోయింది. పలచన చేస్తే బలం లేదు, బలం వేస్తే మింగుడు పడదు. ఈ చిక్కు విప్పేది మొలకలే అని ఎదురింటి కన్నడ ఆంటీ చెప్పింది. వాళ్లు చేసేది రాగి సరి, అంటే మొలకెత్తించిన రాగుల పిండి. మా అమ్మకి అవి చోళ్లు, అనంతపురంలో మా అత్తకి రాగులు, తెలంగాణ స్నేహితురాలికి తైదలు. నాలుగు ఇళ్లవాళ్లం ఒకే గింజ గురించి మాట్లాడుతున్నామని తెలియడానికి రెండు నిమిషాలు పట్టింది.

గింజ మొలకెత్తేటప్పుడు అందులో అమైలేజ్ అనే ఎంజైమ్ పుడుతుంది. అది పిండి పదార్థాన్ని చిన్నచిన్న ముక్కలుగా తెంపుతుంది. అందుకే మొలకల పిండి ఎక్కువ వేసినా జావ బిగుసుకోదు. మొలకల వల్ల, గింజలో ఖనిజాలని పట్టి ఉంచే ఫైటేట్ కూడా కొంత తగ్గి, ఇనుము, కాల్షియం ఒంటికి మరి కాస్త పడతాయి. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకి పైగానే కాల్షియం ఉంటుంది కాబట్టి ఆ శ్రమ దండగ కాదు.

జూన్ 28

మొదటి విడత పారబోశాను. అరకిలో రాగులు, పన్నెండు గంటలు నానబెట్టి, బట్టలో మూటకట్టి గిన్నెలో పెట్టాను. మా ఊళ్లో ఎండాకాలం ఒక్క రాత్రికే మొలకలు వస్తాయి. బెంగళూరులో జూన్ ముసురు, ఇల్లంతా చల్లదనం. రెండో రోజుకి గాని తోకలు కనబడలేదు, ఈలోపు మూట మధ్యలో జిగురు, పుల్లటి వాసన. ఒకచోట బూడిదరంగు నూగు. బూజు పట్టిన గింజ ఎండబెట్టినా, వేయించినా దాని విషం పోదు. ఏరి మిగతాది వాడుకుందామా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ తినేది ఏడు కిలోల పిల్ల. మొత్తం పోయింది.

జులై 3

రెండో విడత మొలకలు బాగా వచ్చాయి, పిండి పాడైంది. ఎండ లేదని తడి ఆరడానికి మూకుడులో గట్టిగా వేయించాను. వాసన అద్భుతం. జావ కాస్తే మామూలు రాగిపిండిలాగే ముద్ద. ఆ వేడికి ఎంజైమ్ చచ్చిపోయింది. ఆ పిండితో మేం ఉదయాన్నే మజ్జిగ కలిపి అంబలి తాగుతున్నాం.

జులై 9

మూడో విడత కుదిరింది. ఇలా చేశాను:

పావుకిలో మాత్రమే తీసుకున్నాను. రాళ్లు గాలించి, నీళ్లు తేరేదాకా ఐదుసార్లు కడిగాను. పన్నెండు గంటలు నాననిచ్చాను, మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చాను. మూట కట్టలేదు, జల్లెడలో తడిబట్ట పరిచి, గింజల్ని వేలు మందాన పల్చగా పరిచి, పైన ఇంకో తడిబట్ట కప్పాను. పూటకోసారి శుభ్రమైన నీళ్లు చిలకరించి చేత్తో కదిపాను, గాలి ఆడాలి కదా. జల్లెడని ఫ్రిజ్ వెనక వెచ్చగా ఉండేచోట పెట్టాను. ముప్పై ఆరు గంటలకి తెల్లటి మొలకలు, బియ్యపుగింజ అంత పొడవు. ఫ్యాన్ కింద రెండు రోజులు ఆరబెట్టాను. మూకుడు వేడెక్కాక స్టవ్ ఆపేసి, ఆ వేడిలో గింజలు కలియబెట్టాను, చెయ్యి పెట్టి పట్టుకోగలిగేంత వెచ్చదనం చాలు. అరచేతుల మధ్య నలిపితే ఎండిన వేళ్లు రాలిపోయాయి, చెరిగేశాను. మిక్సీలో పట్టి, పల్చటి నూలుబట్టలో వస్త్రగాళితం చేశాను.

పిండిమర దగ్గరికి తీసుకెళ్లలేదు. ముందువాళ్లు మిరపకాయలు పట్టించారో, గోధుమలో తెలీదు. కొత్త పదార్థాలు ఒక్కొక్కటిగా పెడుతున్నప్పుడు ఆ కలగలుపు వద్దు.

కాచే పద్ధతి కూడా మార్చాను. పిండి చల్లటి నీళ్లలో కలిపి, సన్నసెగ మీద తిప్పుతూ ఉంటే ముందు చిక్కబడుతుంది. అప్పుడే దించేసి మూత పెట్టి పది నిమిషాలు ఆగాలి. మూత తీస్తే జావ వదులైపోయి ఉంటుంది! మొదటిసారి చూసి అమ్మని కేకేశాను. మళ్లీ పొయ్యి మీద పెట్టి బాగా ఉడికించి దించాలి, పచ్చిపిండి మిగలకూడదు. 18 గ్రాముల పిండి, 120 మి.లీ. నీళ్లు, చివర్లో చిన్న చెంచా నెయ్యి. పిండి నుంచి సుమారు 55, నెయ్యి నుంచి సుమారు 45, మొత్తం వంద కేలరీల దాకా. చెంచా మీద నిలిచింది, నోట్లో జారింది. బుజ్జమ్మ గిన్నెడూ తిని చెంచా లాక్కుంది.

జులై 17

రాగుల మీద మోజులో మిగతావి వదల్లేదు. గుమ్మడికాయ, క్యారట్, చిలగడదుంప ఆవిరి మీద ఉడికించి చేత్తో మెదిపాను. ప్రతి కొత్తదీ మూడు రోజులు. హాప్‌కామ్స్ అనే ఇక్కడి సహకార కూరగాయల దుకాణంలో దొరికే ఏలక్కి అరటిపండు మన చక్కెరకేళి అంత మెత్తగా ఉండదు గాని, చిన్నది కాబట్టి ఒక పూటకి సగం సరిపోతుంది, మిగిలింది నాకు. అరటిపండు వరసగా పెట్టిన వారం రెండు రోజులు మోషన్ లేదు. బొప్పాయి పెట్టి, నీళ్లు రెండు గుటకలు ఎక్కువ పట్టాక దారిలో పడింది.

కందిపప్పు కథ వేరే. మారతహళ్లి వైపు మా అపార్ట్‌మెంట్‌కి వచ్చేది బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు. ఆరు విజిల్స్ వచ్చినా పప్పు గింజ గింజలాగే ఉంది. నీళ్లలో కాల్షియం ఎక్కువైతే పప్పు లోపలి కణాల గోడలు గట్టిపడి మెత్తబడవు. గంట నానబెట్టి, తాగే క్యాన్ నీళ్లతో వండితే నాలుగు విజిల్స్‌కే వెన్న. ఈ మాట ముందే తెలిసుంటే నెల గ్యాస్ మిగిలేది.

జులై 26

కోడిగుడ్డు: పన్నెండు నిమిషాలు ఉడికించి, పచ్చసొన చిటికెడు, మూడో రోజు తెల్లసొనతో సహా. ఏమీ కాలేదు.

వేరుశనగ: అత్త అనంతపురం నుంచి పంపింది. వేరుశనగని ఆలస్యం చేస్తే మంచిదనుకునేవాళ్లం గాని, 2015లో వచ్చిన లీప్ అధ్యయనం తర్వాత వైద్యుల మాట మారింది. పెందలాడే మొదలుపెడితే అలర్జీ ముప్పు తగ్గుతుందని అందులో తేలింది. ఒంటి మీద గట్టి ఎగ్జిమా (దురద పెట్టే చర్మ జబ్బు), గుడ్డు అలర్జీ ఉన్న పిల్లలకి మాత్రం డాక్టరుని అడిగాకే. ముడతలు పడ్డవీ, రంగు మారినవీ ఏరి పారేశాను. వేయించి, పొట్టు తీసి, నీళ్లు చేర్చి పేస్టులా నూరి, పావు చెంచా జావలో కలిపాను. పొద్దున పెట్టాను, రెండు గంటలు పక్కనే కూర్చున్నాను. గింజ మాత్రం ఐదేళ్లు వచ్చేదాకా చేతికివ్వను.

ఆగస్టు 4

ఇవాళ చిలగడదుంప ముక్కకి బాగా ఓకరించింది, మొహం ఎర్రబడింది, దగ్గింది. అమ్మ భయపడి ఎత్తుకోబోయింది. నేను పట్టుకుని ఆపాను, నా చేతులూ వణుకుతున్నాయి. శబ్దం వస్తోందంటే గాలి ఆడుతోందన్నమాట, పిల్ల తనే బయటికి తోసేస్తుంది. శబ్దం లేకుండా, ఏడవలేక, పెదాలు నల్లబడితేనే అడ్డం పడ్డట్టు. అప్పుడు వీపు మీద ఎలా తట్టాలో ఆసుపత్రిలో బొమ్మ మీద నేర్పించారు. ఇంట్లో అందరం నేర్చుకున్నాం, అమ్మ కూడా.

ఆగస్టు 13

ఆఫీసు మళ్లీ మొదలైంది. ఆదివారం కూరగాయల ముద్ద చేసి ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టిస్తున్నాను, ఒక్కో గడి 20 మి.లీ. కావలసినన్ని రాత్రే ఫ్రిజ్ కిందికి దించి, పొద్దున మళ్లీ ఉడుకు వచ్చేదాకా కాచి పెడతాను. కరిగినదాన్ని తిరిగి గడ్డకట్టించను. జావ, ఉగ్గు మాత్రం ఏ పూటకాపూట. వండిన అన్నం బయట గంటల తరబడి ఉంటే కాచినా చావని విషం పుట్టే వీలుంది. చెంచా ఎంగిలి తగిలిన గిన్నెలో మిగిలింది నేనే తినేస్తాను, దాచను.

ఆగస్టు 20

తూకం 7.9. ఇప్పుడు మూడు పూటలు, అరకప్పు చొప్పున, పాలు యథావిధిగా. జావ వడకట్టడం మానేశాను, పప్పన్నం వేళ్లతో మెదిపితే చాలు. అమ్మ నిన్న విజయనగరం వెళ్లిపోయింది. వెళ్లేముందు పావుకిలో చోళ్లు తనే గాలించి నానబోసి, "పూటకోసారి కదపడం మర్చిపోకు" అంది. జల్లెడ ఫ్రిజ్ వెనక ఉంది. ఇప్పుడే బట్ట తీసి చూశాను, తోకలు రావడం మొదలైంది.