ఒక్క ఆలుగడ్డకి ఎన్ని యిడ్డిష్ మాటలు!

బ్రూక్లిన్‌లో ఒక వృద్ధాశ్రమంలో డైటీషియన్‌గా పనిచేసిన రోజుల సంగతి ఇది. 2018లో యూదుల పస్కా పండుగ మార్చి నెలాఖరున పడింది. ఆ ఎనిమిది రోజులూ వాళ్లు రొట్టె ముట్టరు, పులిసిన పిండితో చేసినదేదీ తినరు. అందుకని మా కిచెన్‌లో ఆలుగడ్డే దిక్కు. ఆ ఏడాది ట్రేలో పెట్టే మెనూ కార్డుల మీద ఇంగ్లిష్‌తో పాటు యిడ్డిష్ (తూర్పు యూరప్ యూదుల భాష) కూడా ఉండాలన్నారు మా మేనేజర్. "పది మాటలేగా, ఆన్‌లైన్‌లో చూసి వేసెయ్" అని నాకు అప్పజెప్పారు.

తొమ్మిది మాటలు పేచీ లేకుండా అయిపోయాయి. పొటాటో దగ్గర మాత్రం వారం రోజులు ఇరుక్కుపోయాను.

యిడ్డిష్ వినడానికి జర్మన్‌కి దగ్గరగా ఉంటుంది, రాసేది మాత్రం హీబ్రూ లిపిలో, కుడి నుంచి ఎడమకి. ఆన్‌లైన్‌లో 'కార్టోఫ్ల్' అని దొరికింది. కాపీ చేసి కార్డులో పేస్ట్ చేశాను, బాగానే కనబడింది. ముప్పై ప్రింట్లు తీసి, ఎందుకైనా మంచిదని తొంభై దాటిన ఒక బామ్మగారికి చూపించాను. ఆవిడది విల్నా (ఇప్పటి లిథువేనియా రాజధాని విల్నియస్) దగ్గర ఊరు. కార్డుని కిటికీ వెలుతురులో పెట్టి చూసి, "తోక నుంచి మొదలుపెట్టావేంటి?" అన్నారు. మా సాఫ్ట్‌వేర్ అక్షరాలను ఎడమ నుంచి కుడికి తిప్పేసింది! పైగా గుర్తులన్నీ ఊడిపోయాయి. యిడ్డిష్‌లో అలెఫ్ అక్షరం కింద చిన్న అడ్డగీత పెడితే 'అ', టీ ఆకారంలో గుర్తు పెడితే 'ఓ'. కార్టోఫ్ల్‌లో ఆ రెండూ ఉన్నాయి. నా కార్డులో రెండూ బోడి అలెఫ్‌లే. మన పాత ఫాంట్లలో వత్తులు ఎగిరిపోయినట్టన్నమాట.

సరిచేసి మళ్లీ తీసుకెళ్లాను. "ఇప్పుడు స్పెల్లింగ్ కరెక్టే. కానీ ఇది పుస్తకంలో మాట. మేం బుల్బే అనేవాళ్లం" అన్నారు.

పక్కనున్న హంగేరీ పెద్దాయన ఊరుకోలేదు. వాళ్లింట్లో 'ఎర్డెప్ల్' అట, అంటే నేల ఆపిల్. ఉక్రెయిన్ నుంచి వచ్చిన ఇంకో ఆయన 'బరబోల్యే' అన్నారు. వాళ్ల అమ్మమ్మ అయితే 'మాండెబుర్కే' అనేదట. ఆ మాట జర్మనీలోని బ్రాండెన్‌బర్గ్ పేరు నుంచి వచ్చిందంటారు. ఆ పూట సూప్ చల్లారిపోయింది గానీ వాదన చల్లారలేదు.

తీర్పు దొరుకుతుందేమోనని లైబ్రరీ నుంచి 2016లో వచ్చిన పెద్ద ఇంగ్లిష్-యిడ్డిష్ డిక్షనరీ తెచ్చాను. కవర్ మీద సంపాదకుల్లో ఒకరి పేరు గిట్ల్ షెక్టర్-విశ్వనాథ్. యిడ్డిష్ పుస్తకం మీద విశ్వనాథ్ అని చూసి కాసేపు పని మర్చిపోయాను. డిక్షనరీ మాటలైతే ఇస్తుంది, ఏ టేబుల్‌కి ఏది వడ్డించాలో ఎక్కడ చెబుతుంది?

ఆ రాత్రి ఇంట్లో ఈ కథంతా చెబుతూ "ఆలుగడ్డకి ఇన్ని పేర్లా!" అన్నాను. మావారిది గుంటూరు. "ముందు నువ్వు బంగాళాదుంప అనడం నేర్చుకో" అన్నారు. నాది కరీంనగర్. పక్క ఫ్లాట్ చిత్తూరు అక్కయ్యని అడిగితే ఆవిడ ఉర్లగడ్డ అంటుంది. రేపు ఎవరైనా వచ్చి 'పొటాటోని తెలుగులో ఏమంటారు' అని ఒక్క మాట అడిగితే మేం ముగ్గురం ఏం చెబుతాం? దాని పేరులో బ్రాండెన్‌బర్గ్ ఉందని నవ్విన నేను, మన దుంపలో బెంగాల్ ఉన్న సంగతే ఆలోచించలేదు.

తేడా ఒక్కటే. నేను ఫోన్ చేస్తే కరీంనగర్‌లో ఆలుగడ్డ అనేవాళ్లు లక్షల మంది ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు యిడ్డిష్ మాట్లాడేవాళ్లు కోటికి పైనే. నాజీలు చంపిన 60 లక్షల మంది యూదుల్లో ఎక్కువమంది భాష అదే. బామ్మగారి ఊళ్లో ఇప్పుడు బుల్బే అనేవాళ్లు ఎవరూ లేరట. ఆ మాట చెప్పి ఆవిడ నీళ్లు తాగారు, నేను ఇంకేం అడగలేదు.

కుగెల్‌తో ఈ బాధ లేదు. ఆలుగడ్డ తురుములో గుడ్లు, ఉల్లిపాయ కలిపి ఓవెన్‌లో కాల్చే వంటకం అది. లిథువేనియా వాళ్లు కుగ్ల్ అంటారు, పోలండ్, హంగేరీల వాళ్లు కిగ్ల్ అంటారు, కానీ రాసేది ఒకేలా. అచ్చు వేసేస్తే ఎవరి పలుకులో వాళ్లు చదువుకుంటారు.

చివరికి కార్డు మీద కార్టోఫ్ల్ అని అచ్చు వేయించి, కింద ఖాళీ వదిలాను. ఆ ఖాళీలో ఎవరి మాట వాళ్లకి పెన్నుతో రాశాను. మొదటి రోజు బామ్మగారికి 'బుల్బే' రాయబోయి 'ఖుల్ఖే' రాశాను. వాళ్ల బ, ఖ అక్షరాలకి తేడా కింద కుడి మూల చిన్న తోక, అంతే. మన ధ, థ లాగా. ఆవిడ నా చేతిలో పెన్ను లాక్కుని రెండు చోట్లా తోకలు తగిలించి, ఆ తర్వాతే ఫోర్క్ పట్టుకున్నారు.

బరబోల్యే పెద్దాయన కార్డుని జేబులో పెట్టుకున్నారు. మర్నాడు దాన్నే తీసి, వెనక వైపు మీ భాషలో రాయి అన్నారు. ఆలుగడ్డ అని రాసిచ్చాను. మావారికి ఇప్పటికీ చెప్పలేదు.