రెండు అంగుళాల ముచ్చట

మా ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు కొన్నప్పటి నుంచీ ముందు వంగి, వెనక ఎత్తుగా ఉండేది. కంపెనీ వాళ్లు కావాలనే అలా ఇస్తారు, వెనక బరువు వేస్తే బండి సమానంగా నిలవాలని. నేను మోసేదేమో కాస్ట్‌కో బియ్యం బస్తాలు! అందుకే మొత్తానికి ముందు భాగాన్ని లేపి సమానం చేసే లెవెలింగ్ కిట్ వేసేశాను.

బిల్‌స్టీన్ 5100 షాక్ అబ్జార్బర్ల మీద మనసు పడింది కానీ, వాటిని వేయాలంటే స్ప్రింగ్ నొక్కి విప్పాలి. అది జారితే ప్రాణం మీదికి వస్తుంది. స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ కలిసి ఉండే భాగం) పైన కూర్చునే స్పేసర్ దిమ్మలకైతే ఆ బాధ లేదు, చవక కూడా. మూడు అంగుళాలు వేయమని ఫ్రెండ్స్ ఒకటే గోల. అంత లేపితే చక్రాన్ని తిప్పే సీవీ యాక్సిల్, దాన్ని పైనుంచి పట్టుకునే అప్పర్ కంట్రోల్ ఆర్మ్ వంపు ఎక్కువై త్వరగా అరుగుతాయి. రెండు చాలనుకున్నా.

స్ట్రట్ పైన మూడు నట్లు ఇట్టే వచ్చేశాయి. కింది బోల్టులే చుక్కలు చూపించాయి. తుప్పు వదిలించే నూనె కొట్టి, కాసేపు ఆగి, పొడవాటి పైపు తగిలించి మా బావమరిదీ నేనూ వేలాడితే ‘టక్’మని కదిలింది. బ్రేక్ గొట్టం మీద బరువు పడకుండా చక్రం బిగించే హబ్‌ని తాడుతో కట్టాం.

మర్నాడే చక్రాల అలైన్‌మెంట్ చేయించాను, అది తప్పనిసరి. ముక్కు లేచింది కదా, హెడ్‌లైట్లు కూడా కిందికి దించాలి. లేకపోతే ఎదురొచ్చేవాళ్లు తిట్టుకుంటారు.

చూడ్డానికి మాత్రం బండి భలే ఉంది. ట్రైలర్ తగిలిస్తేనే ముక్కు ఆకాశం చూస్తోంది.